కాలిక్యులస్‌లో మంచి మార్కులు, రియల్ అనాలిసిస్‌లో తడబాటు: ఒక గణిత విభాగం చేసిన మార్పులు

గణితం ప్రధాన విషయంగా డిగ్రీ చదివేవారి దారి చాలా విశ్వవిద్యాలయాల్లో ఇంచుమించు ఒకే తీరున సాగుతుంది. మొదట కాలిక్యులస్, దాని వెంట లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలు, బహుచర కాలిక్యులస్. ఆపైన రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌లో వాడే మాటలను నిర్వచనాల నుంచి నిరూపించే కోర్సు), అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా. ఈ రెండూ గట్టెక్కినవారికి కాంప్లెక్స్ అనాలిసిస్, టోపాలజీ, సంభావ్యత, సంఖ్యా సిద్ధాంతం వంటి ఐచ్ఛికాలు. మొదటి సగంలో లెక్క చేసి జవాబు రాబట్టాలి. రెండో సగంలో ఒక మాట ఎందుకు నిజమో నిరూపించాలి. ఈ రెండు సగాలు కలిసే చోటే ఎక్కువమంది జారిపోతారు. నేను బోధించే రియల్ అనాలిసిస్ సరిగ్గా ఆ చోటే ఉంది. మా విభాగం అక్కడ ఏం గమనించింది, దేన్ని మార్చింది, ఏది కుదిరింది, ఏది ఇంకా కుదరలేదు అన్నవి ఇదే కోర్సు బోధించేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

మార్పులకు ముందు పరిస్థితి ఇదీ. అవకలనాలు, సమాకలనాలు చకచకా చేసే విద్యార్థులు అనాలిసిస్ మొదటి పరీక్షకే కుదేలయ్యేవారు. కొందరు పాఠ్యపుస్తకంలోని సిద్ధాంతాలను కంఠతా పట్టి నెట్టుకొచ్చేవారు. బొల్జానో–వైయర్‌స్ట్రాస్ సిద్ధాంతాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసిన విద్యార్థి, ఆ పక్క ప్రశ్నలో ఒక చిన్న అనుక్రమం (వరుసగా సాగే సంఖ్యలు) అభిసరించదని, అంటే ఏ ఒక్క సంఖ్యకూ చేరువ కాదని, చూపలేక చేతులెత్తేసేవాడు. విభాగ సమావేశాల్లో దీనికి రెండు కారణాలు చెప్పుకునేవాళ్లం: కాలిక్యులస్ పునాది గట్టిగా లేదని ఒకటి, అమూర్త భావనలు అందరికీ అందవని మరొకటి. రెండోది నాకు మింగుడుపడేది కాదు. ఆ మాట ఒప్పుకుంటే బోధించేవాడు చేయగలిగింది ఏమీ మిగలదు.

ఒక జవాబు

దిశ మార్చింది ఒక జవాబుపత్రం. ప్రశ్న సులువైనదే. ఎక్స్ వర్గం అనే ప్రమేయం 2 దగ్గర అవిచ్ఛిన్నమని, అంటే అక్కడ దాని గీత తెగదని, నిర్వచనం నుంచి నిరూపించాలి. అంటే ఎప్సిలాన్ అనే ప్రతి ధన సంఖ్యకూ డెల్టా అనే ఒక ధన సంఖ్య చూపాలి. 2కు డెల్టా కన్నా దగ్గరగా ఉన్న ప్రతి ఎక్స్‌కూ, ఎక్స్ వర్గానికీ 4కూ మధ్య తేడా ఎప్సిలాన్ కన్నా తక్కువ కావాలి. ఆ విద్యార్థిని తేడాను సరిగ్గానే రెండు కారణాంకాలుగా విడదీసింది: ఎక్స్ మైనస్ 2, ఎక్స్ ప్లస్ 2. వాటి లబ్ధం ఎప్సిలాన్‌కు లోబడాలి కాబట్టి, ఎప్సిలాన్‌ను ఎక్స్ ప్లస్ 2తో భాగించి అదే డెల్టా అంది. బీజగణితంలో ఎక్కడా తప్పు లేదు. రాత శుభ్రంగా ఉంది. నిరూపణ మాత్రం చెల్లదు.

ఇలాంటి చోట దిద్దేవారు సాధారణంగా మార్కులు తగ్గించి, పక్కన "డెల్టా ఎక్స్ మీద ఆధారపడకూడదు" అని రాస్తారు. విద్యార్థికి అది గురువుగారు పెట్టిన నియమంలా కనిపిస్తుంది. ఎందుకు ఆధారపడకూడదో ఆ వాక్యం చెప్పదు. ఆ విద్యార్థిని నా గదికి వచ్చి అడిగింది కూడా అదే: "ఆధారపడితే ఏమవుతుందండీ?"

ఏమవుతుందో చూపడానికి బోర్డు మీద ఇంకో ప్రమేయం రాశాను. 2 కన్నా చిన్న సంఖ్యలన్నిటికీ విలువ 0. 2కూ, అంతకన్నా పెద్ద సంఖ్యలకూ విలువ 1. 2 దగ్గర అది తెగిపోయిందని గీత గీస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు ఎక్స్ చూశాక డెల్టా ఎంచుకునే వీలు నాకు ఇవ్వమన్నాను. ఆమె ఎక్స్‌గా 1.9 ఇచ్చింది. నా డెల్టా 0.05. 1.9 అనేది 2కు అంత దగ్గరలో లేదు, కాబట్టి షరతు దానికి వర్తించదు. నేను దేనికీ జవాబు చెప్పనక్కరలేదు. 1.999 ఇచ్చింది. నా డెల్టా 0.0001. మళ్లీ తప్పించుకున్నాను. ఏ సంఖ్య ఇచ్చినా అంతే. ఎక్స్‌ను బట్టి డెల్టా మార్చుకోవచ్చంటే ఈ తెగిన ప్రమేయమే కాదు, లోకంలోని ప్రతి ప్రమేయమూ ప్రతి బిందువు దగ్గరా అవిచ్ఛిన్నమైపోతుంది. అప్పుడు ఆ నిర్వచనానికి ఏ ప్రమేయాన్నీ కాదనే శక్తి ఉండదు.

ఆమె తన పాత జవాబును అక్కడే సరిచేసింది. ఎక్స్‌ను 2 నుంచి 1 దూరంలోపు ఉంచితే ఎక్స్ ప్లస్ 2 విలువ 5 దాటదు. కాబట్టి 1, ఎప్సిలాన్‌లో అయిదో వంతు, ఈ రెండింటిలో చిన్నది డెల్టాగా తీసుకుంటే చాలు. ఎక్స్ ఎవరో తెలియకముందే డెల్టా ఖాయమైంది.

తప్పు ఎక్కడెక్కడ ఉంది

దీని తర్వాత పాత జవాబుపత్రాలు తీసి మార్కుల కోసం కాకుండా తప్పుల రకం కోసం చదివాం. గ్రూప్ థియరీ బోధించే సహోద్యోగి తన కట్టనూ తెచ్చారు. అక్కడా అదే తప్పు వేరే వేషంలో ఉంది. సమూహంలో (గ్రూప్‌లో) దేనితో కలిపినా దాన్ని మార్చని తత్సమ మూలకం ఒకటి ఉంటుంది, అది అన్ని మూలకాలకూ పనిచేస్తుంది. తత్సమ మూలకానికి తిరిగి చేర్చే విలోమం అలా కాదు, ప్రతి మూలకానికీ దాని విలోమం దానిదే. కొందరు ఈ రెండింటినీ కలిపేసి, మూలకం మారితే తత్సమ మూలకమూ మారుతుందన్నట్టు రాశారు. లీనియర్ ఆల్జీబ్రాలో రేఖీయ స్వాతంత్ర్యం గురించి రాసినచోట మాత్రం తప్పు వేరే జాతిది: గుణకాలన్నీ 0 అయితే మొత్తం 0 అవుతుందని రాసి, అదే నిర్వచనం అనుకున్నారు. అది ఏ సదిశలకైనా నిజమే. కావలసింది దాని విపర్యయం: మొత్తం 0 అయితే గుణకాలన్నీ 0 కావాలి. దీన్ని పక్కన పెట్టాం, ఎందుకంటే రెండు మూడు ఉదాహరణలతో అది కుదురుకుంటుంది. ఏది ముందు ఎంచుకోవాలి, ఏది తర్వాత అన్న క్రమంలో చేసే తప్పు అలా కుదురుకోదు.

అభిసరణ నిర్వచనంలో మూడు ఎంపికలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎదుటివారు ఎప్సిలాన్ ఇస్తారు, మనం ఒక హద్దు ఇస్తాం, ఆ హద్దు దాటిన ఏ పదాన్నైనా మళ్లీ ఎదుటివారే ఎంచుకుంటారు. మాటలు ఎవరివో, ఏ క్రమంలో వస్తాయో తెలియకపోతే నిర్వచనం కంఠస్థమైనా చేతికి అందదు. కాలిక్యులస్‌లో ఒక ఎంపిక కన్నా ఎక్కువ ఉన్న వాక్యాన్ని విద్యార్థి దాదాపు ఎదుర్కోడు. అనాలిసిస్ మొదటి వారంలోనే మూడు ఎంపికల వాక్యం ముందు నిలబడతాడు. నా ఉద్దేశంలో, "అమూర్తం" అని మనం తేలిగ్గా పేరుపెట్టి వదిలేసే కష్టంలో పెద్ద వాటా ఇదే.

మా దగ్గర నిరూపణలకు పరిచయ కోర్సు లేకపోలేదు. సమితులు, సత్య పట్టికలు, గణితానుగమనం, 2 వర్గమూలం కరణీయమనే నిరూపణ, శేషాల అంకగణితం అందులో ఉండేవి. అన్నీ మంచి విషయాలే. విద్యార్థులు అందులో బాగానే నెగ్గేవారు. కానీ అక్కడి ప్రశ్నలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, "ప్రతి సరి సంఖ్యకూ ఇది నిజం" వంటి ఒకే ఎంపిక వాక్యాలే ఎక్కువ. అనాలిసిస్‌లో అవసరమయ్యే సాధన ఆ కోర్సులో జరగడం లేదు. పరిచయ కోర్సులో ఉత్తీర్ణులైనవారు ఆ తర్వాత ఎందుకు తడబడుతున్నారో అప్పుడు అర్థమైంది.

ఏం మార్చాం

కొత్త కోర్సు పెట్టలేదు. పరిచయ కోర్సులో సత్య పట్టికలను బాగా కుదించి, ఆ సమయాన్ని అనుక్రమాలకు ఇచ్చాం. ఎప్సిలాన్ ఊసెత్తకుండా మెట్లు మెట్లుగా వెళ్లాం. మొదట పూర్ణసంఖ్యల మీద రెండు వాక్యాలు: ప్రతి సంఖ్యకూ దానికన్నా పెద్ద సంఖ్య ఉంది, ఒక సంఖ్య ఉంది, అది ప్రతి సంఖ్య కన్నా పెద్దది. మొదటిది నిజం, రెండోది అబద్ధం, మారింది ఎంపికల క్రమం మాత్రమే. తర్వాత పరిబద్ధ అనుక్రమం: ఒకే హద్దు, అన్ని పదాలకూ. తర్వాత దాని నిషేధం: ఏ హద్దు ఇచ్చినా దాన్ని దాటే పదం ఒకటి దొరుకుతుంది.

నాలుగో మెట్టు అనంతానికి పోవడం. అభిసరణకు ముందే దీన్ని పెట్టడం ఈ మార్పులన్నిటిలో నాకు బాగా నచ్చినది. ఏ హద్దు ఇచ్చినా, ఒక చోటు తర్వాత పదాలన్నీ దాన్ని దాటాలి. మూడు ఎంపికలూ ఇందులో ఉన్నాయి. కానీ పరమ విలువలు లేవు, భిన్నాలు లేవు, అసమానతల చిక్కులు లేవు. ఆలోచనంతా క్రమం మీదే నిలుస్తుంది. ఇక్కడ 1, 0, 2, 0, 3, 0 అంటూ సాగే అనుక్రమాన్ని ఇస్తాం. ఇది పరిబద్ధం కాదు. అలాగని అనంతానికీ పోదు, ఎందుకంటే ఏ చోటు తర్వాతైనా 0 మళ్లీ వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ మీద జరిగే వాదన తరగతిని నిద్రలేపుతుంది. "పెరుగుతూనే ఉంది కదా" అనే విద్యార్థికి, పక్కవాళ్లే నిర్వచనం చదివి వినిపిస్తారు. ఇది దాటినవారికి అభిసరణ నిర్వచనం కొత్త జంతువులా కనిపించదు.

అనాలిసిస్ తరగతిలో చీటీల పద్ధతి తెచ్చాం. ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు ఎప్సిలాన్ రాసిన చీటీ ఇస్తారు. రెండోవారు డెల్టా రాసి, మడిచి, బల్ల మీద పెట్టాలి. అప్పుడే మొదటివారు ఎక్స్ చెబుతారు. మడిచిన చీటీని మార్చడానికి వీల్లేదు. ఎక్స్ మీద ఆధారపడే డెల్టా రాయబోయినవారికి తమ చీటీలో అసలు ఏ సంఖ్యా రాయలేమని వెంటనే తెలిసిపోతుంది. గురువు కల్పించుకోవలసిన పని లేదు.

పరీక్షనూ మార్చాం. ఇది లేకుండా మిగతావి నిలిచేవి కావని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే విద్యార్థి ఏం చదవాలో నిర్ణయించేది పాత ప్రశ్నపత్రమే. సిద్ధాంతం చెప్పి నిరూపించమనే ప్రశ్నలను తగ్గించి, అభిసరణ నిర్వచనాన్ని కావాలని చెదరగొట్టి ఇచ్చాం. ఈ కొత్త వాక్యం ఏ అనుక్రమాలకు నిజమవుతుందో చెప్పాలి. ఉదాహరణకు, "ఒక చోటు ఉంది, ప్రతి ఎప్సిలాన్‌కూ, ఆ చోటు తర్వాతి ప్రతి పదం అవధి అనే ఇచ్చిన సంఖ్యకు ఎప్సిలాన్ కన్నా దగ్గరగా ఉంటుంది." చోటును ముందే ఖాయం చేశాం కాబట్టి, ఆ తర్వాతి పదాలన్నీ అవధితో సమానమై తీరాలి. కదలకుండా నిలిచిపోయే అనుక్రమాలకే ఇది నిజం. ఇంకొకటి: "ఏదో ఒక ఎప్సిలాన్ ఉంది; ప్రతి పదమూ ఆ సంఖ్యకు ఎప్సిలాన్ కన్నా దగ్గరగా ఉంటుంది." ఇది పరిబద్ధతే. మూడోది: "ప్రతి ఎప్సిలాన్‌కూ, ప్రతి చోటుకూ, ఆ చోటు తర్వాత ఏదో ఒక పదం ఆ సంఖ్యకు ఎప్సిలాన్ కన్నా దగ్గరగా వస్తుంది." ఏదో ఒక ఉప అనుక్రమం ఆ సంఖ్యకు అభిసరిస్తుందని దీనర్థం. కంఠతా పట్టి ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయలేరు. నిర్వచనాన్ని నిజంగా చదవగలిగినవారికి ఇది కష్టమూ కాదు.

అభ్యంతరాలు

ఇంత కచ్చితత్వం పరిశోధన చేసేవారికే అవసరమని, డిగ్రీ విద్యార్థులకు ఇంత సమయం దీని మీద ఎందుకని సమావేశంలో కొందరు అడిగారు. చరిత్ర చూస్తే ఈ కచ్చితత్వం తరగతి గది అవసరంలోంచి కూడా పుట్టింది. 1858లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో అవకలన గణితం బోధిస్తూ, వాస్తవ సంఖ్యలకు సరైన పునాది లేదన్న అసంతృప్తితోనే గణితవేత్త డెడికిండ్, వాస్తవ సంఖ్యలను నిర్వచించే తన ఛేదాల భావనకు చేరుకున్నాడు. దాన్ని 1872లో ప్రచురించాడు. వైయర్‌స్ట్రాస్ పద్ధతులు చాలావరకు ఆయన బెర్లిన్ ఉపన్యాసాలు విన్న విద్యార్థుల ద్వారానే వ్యాపించాయి.

ఎంపికల క్రమం ఎంత పెద్ద తలలనైనా ఇబ్బంది పెట్టగలదని విద్యార్థులకు చెప్పడానికి గణితవేత్త కోషీ ఉదంతం వాడుతున్నాం. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని 1821లో కోషీ ప్రకటించాడు. 1826లో ఏబెల్ దీనికి మినహాయింపు చూపాడు: సైన్ ఎక్స్, అందులోంచి సైన్ 2ఎక్స్‌లో సగం తీసివేత, సైన్ 3ఎక్స్‌లో మూడో వంతు కూడిక, ఇలా సాగే శ్రేణి. మైనస్ π, π ల మధ్య దాని మొత్తం ఎక్స్‌లో సగం. సరిగ్గా π దగ్గర మాత్రం ప్రతి పదమూ 0 కాబట్టి మొత్తమూ 0. గీత అక్కడ తెగిపడుతుంది. బిందువు ముందా, హద్దు ముందా అన్న తేడాలోనే ఈ చిక్కంతా ఉంది. 1847, 1848 ప్రాంతంలో స్టోక్స్, సైడెల్ ఎవరికి వారుగా దీని మూలాన్ని సమీపించారు. కోషీ 1853లో మళ్లీ ఈ విషయానికి వచ్చాడు.

తరగతిలో ఇదే తేడాను అంకెలతో చూపుతాం. 0, 1 మధ్య ఉన్న ఎక్స్‌ను దానితోనే మళ్లీ మళ్లీ గుణిస్తూ పోతే విలువ 0 వైపు పోతుంది. అది 0.01 కన్నా తగ్గడానికి ఎన్నో ఘాతం కావాలి? ఎక్స్ 0.5 అయితే 7 చాలు. 0.9 అయితే 44. 0.99 అయితే 459. ఒక్కో బిందువుకూ దాని హద్దు ఉంది, అన్నిటికీ కలిపి ఒకే హద్దు లేదు. లెక్క యంత్రం పట్టుకుని ఈ మూడు సంఖ్యలనూ విద్యార్థులే కనుక్కున్నాక, అన్ని బిందువులకూ ఒకే హద్దు కోరే ఏకరూప అభిసరణ నిర్వచనం రాస్తే, అందులో పదాలు ఎందుకు అటూ ఇటూ జరిగాయో వాళ్లే చెబుతారు.

రెండో అభ్యంతరం సమయం గురించి. అది న్యాయమైనదే. రీమాన్–స్టీల్ట్‌జెస్ సమాకలనం ప్రధాన కోర్సులోంచి తీసి ఐచ్ఛికానికి పంపాం. ఘాత శ్రేణుల మీద గడిపే సమయం తగ్గింది, దాని లోటు కాంప్లెక్స్ అనాలిసిస్ బోధించేవారికి తెలుస్తోంది. భౌతికశాస్త్రం నుంచి వచ్చి ఈ కోర్సు తీసుకునేవారికి ఫూరియే శ్రేణుల దాకా చేరాలని ఉంటుంది. ఇప్పుడు అంతదాకా వెళ్లడం కుదరడం లేదు. ఈ నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా, నిర్వచనం చదవలేనివారికి ఫూరియే శ్రేణుల అభిసరణ చెప్పడం కన్నా ఇదే మేలనుకుంటున్నాను.

ఏది తగ్గింది, ఏది తగ్గలేదు

ఎక్స్ మీద ఆధారపడే డెల్టా జవాబుపత్రాల్లో అరుదైంది. అనుక్రమం అభిసరించదని చూపమన్నప్పుడు నిషేధాన్ని సరిగా రాసేవారు స్పష్టంగా పెరిగారు. గ్రూప్ థియరీలో తత్సమ మూలకం గందరగోళం కూడా దాదాపు పోయిందని సహోద్యోగి చెప్పారు. ఆ కోర్సులో మేం ఏ మార్పూ చేయలేదు కాబట్టి, నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే.

నోటితో చక్కగా వివరించి, కాగితం మీద మాత్రం తలకిందులుగా రాసేవారు ఉన్నారు. డెల్టా వెతకడం చివరి నుంచి మొదటికి నడుస్తుంది, నిరూపణ మొదటి నుంచి చివరికి నడవాలి. చిత్తు, సాఫీ రెండు వేర్వేరు కాగితాల మీద రాయించి, రెండూ తీసుకుంటున్నాం. ఉదాహరణకు, ఎక్స్ వర్గం నిరూపణ సాఫీలో ఉన్న 5 చిత్తులో ఎక్కడ పుట్టిందో చూపాలి. దీనితో రాత మెరుగుపడింది.

తగ్గనిది అసమానతల భయం. ఎన్‌కు మూడు రెట్లు ప్లస్ 1ని, ఎన్ వర్గం ప్లస్ ఎన్ ప్లస్ 5తో భాగిస్తే వచ్చే అనుక్రమం 0కు పోతుందని నిరూపించమంటే, విద్యార్థి ఆ భిన్నం ఎప్సిలాన్ కన్నా తక్కువ అని రాసి, వర్గ సమీకరణం సాధించడం మొదలుపెడతాడు. పేజీ నిండా మూలాలు, వర్గమూలాలు. పైన ఉన్నది ఎన్‌కు 4 రెట్లు మించదు, కింద ఉన్నది ఎన్ వర్గానికి తగ్గదు. కాబట్టి భిన్నం 4 బై ఎన్ దాటదు, ఎన్ 4 బై ఎప్సిలాన్‌ను మించితే చాలు. ఇది చూపించినప్పుడు "కానీ అది అతి చిన్న హద్దు కాదు కదండీ" అంటారు. ఏళ్ల తరబడి సమీకరణాలు సాధించిన చేతికి, కచ్చితమైన విలువ అక్కరలేదనడం ఏదో దొంగదారిలా అనిపిస్తుంది. ఎంపికల క్రమం బాగా తెలిసినవారు కూడా ఇక్కడ ఆగిపోతున్నారు. దీన్ని అనాలిసిస్‌లో సరిచేయడం ఆలస్యమే అవుతుంది.

అందుకే ఇప్పుడు కాలిక్యులస్ మొదటి సెమిస్టర్ అభ్యాసాల్లో అంచనా లెక్కలు చేర్చాం. ఎక్స్ పదో ఘాతాన్ని 1 ప్లస్ ఎక్స్‌తో భాగించి, 0 నుంచి 1 దాకా సమాకలనం చేస్తే విలువ ఏ రెండు సంఖ్యల మధ్య ఉంటుందని అడుగుతాం. భాగహారం చేసి లాగరిథమ్ దాకా వెళ్లి అసలు విలువ రాబట్టవచ్చు. కానీ హారం 1కీ 2కీ మధ్య ఉంటుందని గమనించినవారు, జవాబు 1 బై 22కీ 1 బై 11కీ మధ్య ఉందని ఒక్క వరుసలో రాసేస్తారు. పూర్తి మార్కులు ఆ ఒక్క వరుసకే. ఈ అభ్యాసాలు చేసిన మొదటి జట్టు ఇంకా అనాలిసిస్‌కు రాలేదు.